రోలుకి మోటారు పెడితే: ఆటోమేటిక్ మోర్టార్లలో ఏది ఎవరికి పనికొస్తుంది

మా మేనల్లుడు గుణుపూర్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వాడికి కాలేజీలో సెమినార్ పడింది, టాపిక్ ఏంటంటే ఆటోమేటిక్ మోర్టార్లు. "మామయ్యా, నువ్వు సర్వీసంతా మోర్టార్ ప్లటూన్‌లోనే చేశావు కదా, వీటన్నిట్లో ఏది బెస్టో ఒక్క ముక్కలో చెప్పేయ్" అని ఫోన్ చేశాడు. ఒక్క ముక్కలో ఎలా చెప్తాం. ఆదివారం పర్లాకిమిడి రమ్మన్నాను, వచ్చాడు, సాయంత్రం మహేంద్రతనయ ఒడ్డున కూచోబెట్టి చీకటిపడి దోమలు పీకేదాకా వాగాను, ఆ వాగిందే ఇప్పుడు టైప్ చేస్తున్నా. ఇటు పాతపట్నం, టెక్కలి నుంచి అటు రాయగడ దాకా ఫౌజులో చేరదామని పొద్దున్నే గ్రౌండులో పరిగెత్తే కుర్రాళ్లు చాలామంది ఇవే అడుగుతుంటారు, వాళ్లకీ అక్కరకొస్తుంది. నేను ఒడియా మీడియంలో చదివినోణ్ణి, తెలుగులో తప్పులుంటే సర్దుకుపోండి.

మోర్టార్ అంటే ఏటో తెలీనివాళ్లకి రెండు ముక్కలు. ఇంగ్లీషులో మోర్టార్ అంటే మన రోలే. పాతకాలంలో పొట్టిగా లావుగా ఉండే ఫిరంగుల్ని చూసి రోలని పేరు పెట్టారు, అదే ఉండిపోయింది. అడుగు మూసేసిన గొట్టం, అడుగున ఒక పిన్ను, పై మూతిలోంచి బాంబు వదిలితే జర్రున జారి పిన్ను మీద పడుద్ది, మందు అంటుకుంటుంది, వెళ్లిన దారినే పైకొచ్చి ఆకాశంలోకి పోతుంది. 45 డిగ్రీల కంటే ఎత్తుగా కొట్టేది కాబట్టి కొండ వెనకాల నక్కినోడి మీదా, గోతిలో దాక్కున్నోడి మీదా నిట్టనిలువుగా దిగుతుంది, మామూలు ఫిరంగికి ఆ పని కష్టం. 1915లో స్టోక్స్ అనే ఇంగ్లీషాయన చేసిన పద్ధతే ఇంకా నడుస్తోంది. మా 81 ఎంఎం (ఈ అంకె గొట్టం లోపలి వెడల్పు) కూడా అంతే, బ్యారెల్ అనే గొట్టం, బైపాడ్ అనే రెండు కాళ్ల స్టాండు, నేల మీద కూచునే బేస్ ప్లేట్ అని మూడు ముక్కలు, అన్నీ కలిపి 40 కిలోలు, వీపు మీద మోసుకుపోవచ్చు, 5 కిలోమీటర్ల దాకా కొడుతుంది.

ఇక ఆటోమేటిక్ సంగతి. ఇంట్లో రోలు పోయి గ్రైండర్ వచ్చింది, కాని గ్రైండర్ రుబ్బుతుందే తప్ప పప్పు నానబెట్టదు, పిండి గిన్నెలోకి తియ్యదు. కొన్ని రకాలు వంచితే పిండి దానంతటదే జారుతుంది, ఇంకొన్నిట్లో చెయ్యి పెట్టి గీకాలి. మోర్టార్లోనూ ఇదే కథ, ఆటోమేటిక్ అని బ్రోచర్‌లో రాసుంటే ఏ పనికి మోటారు పెట్టారో అడగాలి. పనులు నాలుగున్నాయి. నేను ఎక్కడున్నానో తెలుసుకోవడం, గొట్టాన్ని ఎటు ఎంత ఎత్తులో పెట్టాలో లెక్కేసి తిప్పడం, బాంబు వెయ్యడం, పేలినప్పుడు వచ్చే వెనక్కి తన్నే దెబ్బని తట్టుకోవడం. ఒక్కో దేశం వీటిలో వేరువేరు పనులకి మోటారు పెట్టుకుంది, అందుకే అన్నిటి పేరూ ఆటోమేటిక్ అయినా ఒకదానికొకటి పోలికే ఉండదు.

నాకు వీటిలో ఏ పని ప్రాణం తీసేదో చెప్తాను. ఒకసారి రేంజిలో జులై వానలో ఫైరింగ్ పెట్టారు. ఎర్ర మట్టి, మోకాలు దాకా బురద. బేస్ ప్లేట్ మొదటి రెండు మూడు బాంబులకి నేలలో కూర్చోవాలి, అది మామూలే, కాని ఆరోజు కూర్చోవడం కాదు, మునిగిపోయింది. ఒక్కో బాంబుకీ బ్యారెల్ ఇంత కిందకి, ఇంత పక్కకి. సైట్‌లో, అంటే గురి చూసే పరికరంలో, నీళ్లబుడగ నడిమికి తెస్తే ఇంకో బాంబుకి మళ్లీ పారిపోద్ది, గురి సరిచూసుకోడానికి ముందు పాతిన ఎయిమింగ్ పోస్టులు వాన తెర వెనక కనపడవు, వాటి మీద దీపం పెట్టినా మసక. గురి చూసే జవాను, మా నంబర్ వన్, మోకాళ్ల మీద కూచుని చేత్తో మొహం తుడుచుకుంటూ తిప్పుతూనే ఉన్నాడు. అయిపోయాక ప్లేటు ఊడబెరకడానికి గునపాలు పట్టుకుని నలుగురం పావుగంట తవ్వాం. ప్రాక్టీసు కాబట్టి నవ్వుకున్నాం, నిజం యుద్ధమైతే ఆ పావుగంటలో మేం ఉండం.

ఎందుకుండమంటే రాడార్. గాల్లో ఎగిరే బాంబుని చూసి అది ఎక్కణ్ణుంచి లేచిందో వెనక్కి లెక్కగట్టే రాడార్లు ఇప్పుడు చాలా సైన్యాల దగ్గర ఉన్నాయి. మన డీఆర్‌డీఓ చేసిన స్వాతి కూడా అదే, 81 ఎంఎం, అంతకంటే పెద్ద మోర్టార్లని 20 కిలోమీటర్ల లోపల పట్టేస్తుంది, 2020లో ఆర్మేనియాకి అమ్మాం కూడా. మోర్టార్ బాంబు గాల్లో అరనిమిషం పైనే ఉంటుంది, అంటే మన బాంబు అవతలోడి మీద పడకముందే వాడికి మన అడ్రసు తెలిసిపోతుంది. కొట్టాలి, లేవాలి, పోవాలి. ఇప్పుడు డ్రోన్లు వచ్చాక అది మరీ ఎక్కువైంది. ఈ ఆటోమేషన్ అంతా పుట్టింది అందుకే, జవాన్లకి చెమట పట్టకుండా ఉండడానికి కాదు.

ఇప్పుడు పోలికలోకి వద్దాం.

మొదటి జాతి, గురి మాత్రం కంప్యూటర్ చూసుకుంటుంది, బాంబు చేత్తోనే వేస్తారు. ఇజ్రాయెల్ సోల్టమ్ వాళ్లది కార్డొమ్ అని ఉంది, ఇప్పుడా కంపెనీ ఎల్బిట్‌లో కలిసిపోయింది. 120 ఎంఎం మామూలు గొట్టమే, దాన్ని బండి వెనక తిరిగే బల్ల మీద పెట్టి, కింద దెబ్బ తట్టుకునే రీకాయిల్ ఏర్పాటు పెట్టారు. బండి ఆగగానే నావిగేషన్ తన చోటు చెప్పేస్తుంది, టార్గెట్ అంకెలు వస్తే మోటార్లు గొట్టాన్ని తిప్పి పెట్టేస్తాయి, సైట్‌లో బుడగ చూసే పనే లేదు, ఎయిమింగ్ పోస్టు పాతే పనే లేదు, గునపం అస్సలు లేదు. అమెరికావాళ్లు దీన్నే స్ట్రైకర్ బండి మీద వాడుతున్నారు. ఇదే ఇంకా తేలిక చేసి రీకాయిల్ బాగా తగ్గించి జీపు కంటే కాస్త పెద్ద బండ్ల మీద పెట్టేది స్పియర్.

దీనికి లోపం ఏంటంటే పైకప్పు తెరిచి నిలబడి బాంబు వెయ్యాలి. వాన, దుమ్ము, తునకలు, పైనుంచి డ్రోన్, అన్నీ మనిషి నెత్తి మీదే. రోట్లో తలపెట్టి రోకటిపోటుకి భయపడితే ఎలా అంటారు గాని, ఇప్పటి యుద్ధాల్లో ఆ పోటు చిన్నదేం కాదు.

రెండో జాతి టరెట్. మనుషులంతా ఇనప గూడులో ఉంటారు, గొట్టం వెనకనుంచి లోడ్ అవుతుంది. ఇందులో పెద్దన్న ఏమోస్, ఫిన్లాండ్ పాట్రియా, స్వీడన్ హాగ్లుండ్స్ కలిసి 90ల్లో మొదలెట్టారు. ఒకే టరెట్‌లో రెండు గొట్టాలు, మొదటి 4 బాంబులు 5 సెకన్లలో వెళ్లిపోతాయి, రేంజ్ 10 కిలోమీటర్లు. దీని అసలు మజా ఏంటంటే, మొదటి బాంబుని బాగా ఎత్తుగా కొడుతుంది, తర్వాతదాన్ని కాస్త తక్కువ ఎత్తులో తక్కువ మందుతో, అలా ఒక్కోదాన్నీ తగ్గించుకుంటూ పోతే ముందు లేచింది ఎక్కువసేపు తిరుగుతుంది, వెనక లేచింది త్వరగా దిగుతుంది, అన్నీ ఒకేసారి పడతాయి. ఒక్క బండి ఇలా ఏడెనిమిది బాంబుల్ని కలిపి దింపగలదు. మోర్టార్ దెబ్బ గట్టిగా తగిలేది మొదటి క్షణాల్లోనే, తర్వాత జనం నేలకి కరుచుకుపోతారు, గోతుల్లో దూరిపోతారు, కాబట్టి ఇది ఉత్తి షోకు కాదు.

కాని రేటు, బరువు. టరెట్టే మూడున్నర టన్నులు. కలిసి తయారుచేసిన స్వీడన్ వాళ్లే డబ్బుల దగ్గర వెనక్కి తగ్గి ఏమోస్ కొనలేదు, 2016లో మ్యోల్నర్ అనే ఇంకోదానికి 40 ఆర్డరిచ్చారు. అందులోనూ రెండు గొట్టాలే, కాని బాంబు ముందు మూతి నుంచే వేసే రకం, కట్టడం సాదా, తమ గోదాముల్లో అప్పటికే ఉన్న బాంబులు అలాగే వాడుకోవచ్చు. ఈ గోదాము విషయం ఎవడూ పట్టించుకోడు గాని నా దృష్టిలో సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది. వెనకనుంచి లోడ్ చేసే గొట్టాల్లో చాలావాటికి బాంబు తోకకి చిన్న గిన్నెలాంటి అడుగు కావాలి, మూతినుంచి వదిలే బాంబుకి అది ఉండదు. దశాబ్దాలుగా పోగేసిన బాంబులు కొత్త బండికి పట్టకపోతే బండి రేటు వేరు, బాంబుల రేటు వేరు.

ఏమోస్‌కి తమ్ముడు నీమో, అదీ పాట్రియాదే, ఒక్కటే గొట్టం, టరెట్ బరువు రెండు టన్నుల లోపు, నిమిషానికి 10 దాకా కొడుతుంది, కదుల్తూ కూడా కొట్టగలదని కంపెనీ చూపించింది. ఎదురుగా కనపడే గోడని నేరుగా కొట్టడానికీ పనికొస్తుంది, అది మామూలు మోర్టార్‌కి కలలో కూడా కుదరదు. ఎమిరేట్స్ వాళ్లు దీన్ని పడవల మీద పెట్టుకున్నారు. 20 అడుగుల షిప్పింగ్ కంటెయినర్లో పెట్టిన రకం కూడా ఉంది, లారీ మీదో ఓడ మీదో ఎక్కించుకోవడమే, లోపల వంద బాంబుల దాకా పడతాయి. గోపాల్‌పూర్ తీరంలో కంటెయినర్లు చూసినప్పుడల్లా ఇప్పుడు మావాడికి ఇదే గుర్తొస్తుందట.

పూర్తిగా బాంబు కూడా మిషనే వేసేది కావాలంటే పోలండ్ రాక్ చూడాలి. లోపల 20 బాంబుల మ్యాగజైన్, మనిషి చెయ్యి పెట్టకుండా వెనకనుంచి ఎక్కించుకుంటుంది, ఎనిమిది చక్రాల రోసోమాక్ బండి మీద కూర్చుంటుంది. 2016లో కాంట్రాక్ట్ అయింది, 2017 నుంచి వాళ్ల సైన్యంలో ఉంది, తర్వాత ఉక్రెయిన్‌కీ వెళ్లింది. మా మేనల్లుడు దీని మీదే మనసు పారేసుకున్నాడు, మెకానికల్ బ్రాంచ్ కదా, మ్యాగజైన్ తిరిగే వీడియో చూసి ఊగిపోయాడు. నేను వాణ్ణి ఒకటే అడిగాను, ఆ 20 అయ్యాక ఎవడు నింపుతాడు, ఎంతసేపు, ఏ చెట్టుకింద?

రష్యావాళ్ల దారి వేరు. 80ల మొదట్లోనే నోనా తెచ్చారు, 120 ఎంఎం, గొట్టం లోపల మెలికల గాడులు ఉంటాయి, సగం ఫిరంగి సగం మోర్టార్, విమానంలోంచి పారాచూట్‌తో దించే బండి. వాళ్లదే ఇంకో వింత వాసిల్యోక్, 1970 నాటిది, 82 ఎంఎం, 4 బాంబుల క్లిప్పు పెడితే తుపాకిలా డబడబా వదిలేస్తుంది. కుర్రాళ్లకి వీడియోల్లో తెగ నచ్చుతుంది గాని నేనైతే ఎవరికీ చెప్పను. 600 కిలోల బరువు, చక్రాల మీద లాక్కుపోవాలి, రేంజ్ 4 కిలోమీటర్ల పైన కాస్త, బాంబేమో చిన్నది. బాంబు వేసే పనికి మాత్రమే మోటారు పెట్టి మిగతా మూడూ వదిలేసినట్టు, పైగా నిమిషంలో తినేసే బాంబులు మోసుకొచ్చేదెవడు.

ఇంకో తెలివైన రకం స్పెయిన్ అలక్రాన్. చిన్న బండి వెనక మోర్టార్ని ఒక చెయ్యిలాంటిదానితో నేలమీదకి దించుతుంది, దెబ్బ నేలే తింటుంది, బండికి తగలదు, కొట్టడం అయ్యాక మళ్లీ ఎత్తుకుని పోతుంది. బండి తేలిక, ఉక్రెయిన్ వాళ్లు తమ బార్స్ బండ్ల మీద ఇలాంటి ఏర్పాటు పెట్టుకున్నారు. మా ఎర్ర బురద గుర్తున్నోడిగా నాకు నేల మీద అంత నమ్మకం లేదు, కాని గట్టి నేల దేశాలకి, డబ్బు తక్కువున్నోళ్లకి మంచి బేరం.

మన దగ్గర ఏముందని అడుగుతారు. జవాన్లని మోసే కవచం బండి బీఎంపీ, దాని మీద 81 ఎంఎం పెట్టిన క్యారియర్ మోర్టార్ ఉంది, డీఆర్‌డీఓ డిజైను, 108 బాంబులు పడతాయి. బీఎంపీలు తయారయ్యేది మన తెలుగు నేల మీదే, మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ, ఎద్దుమైలారంలో. బండి మంచిదే, కాని గొట్టం నాలుగు వైపులా తిరగదు, బండినే టార్గెట్ వైపు తిప్పి పెట్టుకోవాలి, గొట్టం వెడల్పేమో 81. ఇప్పుడు లోకమంతా 120కి పోతోంది, ఎందుకంటే 81 బాంబు 4 కిలోల పైన కాస్త, 120ది 13 కిలోలు దాటుతుంది, దెబ్బలో తేడా చెప్పక్కర్లేదు.

సేఫ్టీ గురించి ఒకటి చెప్పాలి, ఇది బ్రోచర్లలో చివరి పేజీలో ఉంటుంది గాని నేను ముందు చూసేది అదే. మూతినుంచి వేసే మోర్టార్‌కి పాత శాపం డబల్ లోడింగ్. వరసగా కొడుతున్నప్పుడు పక్క గొట్టాల మోతలో మన బాంబు వెళ్లిందో లేదో తెలీదు, వెళ్లిందనుకుని రెండోది వదిలితే అంతే సంగతులు. 2013 మార్చిలో అమెరికా నెవాడాలో ట్రైనింగ్‌లో 60 ఎంఎంతో ఇలాగే జరిగి ఏడుగురు మెరీన్లు పోయారు. నాకూ ఒక రాత్రి బాంబు లోపలే ఉండిపోయింది. అరిచాం, అందరూ వెనక్కి, వాచీ చూస్తూ కూచున్నాం, తర్వాత డ్రిల్ ప్రకారం ఒకడు బ్యారెల్ అడుగు మెల్లగా లేపుతుంటే నేను మూతి దగ్గర రెండు చేతులూ దొన్నెలా పట్టుకుని నిలబడ్డాను. లోపల్నుంచి అది జారుతున్న చప్పుడు, సన్నగా, గరగరమని. ఆ చప్పుడు వినకుండా ఉండాలంటే వెనకనుంచి లోడ్ చేసేదే మేలు, అందులో గొట్టం ఖాళీయో కాదో కళ్లకి కనపడుతుంది. మూతినుంచి వేసేదే కొంటే మాత్రం బాంబు బయటికెళ్లిందని చెప్పే సెన్సారో, రెండోది పడకుండా ఆపే అడ్డో ఉందా అని అడగకుండా సంతకం పెట్టకూడదు.

కరెంటు పోతే ఏంటి, ఇది ఇంకో ప్రశ్న. మా రోజుల్లో లెక్కలు వేసే చేతి కంప్యూటర్ ఒకటి ఇచ్చారు, భలే ఉండేది, ఛార్జర్ పాడైతే కొత్తది రావడానికి నెలలు పట్టింది, అన్నాళ్లూ అది పెట్టెలో పడుకుంది, మేం మళ్లీ ప్లాటింగ్ బోర్డు, పెన్సిలు. ఎవరు సప్లై చేశారో చెప్పను, ఎవరైనా అంతే. అందుకే మోటారు ఆగినా చేత్తో తిప్పి, సైట్ పెట్టి కొట్టగలిగే ఏర్పాటు లేని సిస్టమ్ ఎంత గొప్పదైనా నేను పక్కన పెడతాను.

ఇంకో మాట, బండి మార్చకుండా బాంబునే తెలివైనదాన్ని చేసుకోవచ్చు కూడా. అమెరికా వాళ్లు అఫ్ఘానిస్తాన్‌లో 2011లోనే జీపీఎస్‌తో నడిచే 120 బాంబు వాడారు, ఇజ్రాయెల్ ఐరన్ స్టింగ్‌కి జీపీఎస్, లేజర్ రెండూ ఉన్నాయి. పది బాంబుల పని ఒకటి రెండు చేస్తే బండి అక్కడ నిలబడే టైమూ తగ్గుద్ది, మోసే బరువూ తగ్గుద్ది. కాని రేటు చూసుకోవాలి, పొగ బాంబుకీ, వెలుతురు బాంబుకీ ఈ తెలివి అక్కర్లేదు, శత్రువు జీపీఎస్ జామ్ చేస్తే ఆ తెలివీ సగమే.

ఇక నన్ను ఎంచుకోమంటే. కొండలకి, అంటే లడఖ్, అరుణాచల్ లాంటి చోట్లకి, స్పియర్ జాతే. మన ఆర్.ఉదయగిరి ఘాట్ రోడ్డులో వానాకాలం ఎదురుగా లారీ వస్తే జీపు పక్కకి తియ్యడమే గగనం, అక్కడి రోడ్లు దీనికి తాతలు, 20 టన్నుల టరెట్ బండి ఏ మలుపు దగ్గర ఇరుక్కుంటుందో దేవుడికెరుక. నాలుగు పనుల్లో గురికీ, చోటు తెలుసుకోడానికీ, దెబ్బకీ మోటారు పెట్టి, బాంబు వెయ్యడం మనిషికి వదిలేసినా నష్టం లేదు, ఎందుకంటే మా నంబర్ టూ బాంబు వెయ్యడంలో ఎప్పుడూ లేటు చెయ్యలేదు, లేటైందల్లా గునపం దగ్గరే, బుడగ దగ్గరే. మూతినుంచి వేసేదే కాబట్టి పాత 120 బాంబులూ వాడుకోవచ్చు. డబల్ లోడ్ ఆపే ఏర్పాటు మాత్రం దానికి తప్పనిసరిగా ఉండాలి.

రాజస్థాన్, పంజాబ్ మైదానాల్లో ట్యాంకులతో కలిసి పరిగెత్తే దళానికి మాత్రం పైకప్పు తెరిచి నిలబడే బండి ఇవ్వకూడదు, అక్కడ నీమో లాంటి ఒంటి గొట్టం టరెట్ సరిపోద్ది, రెండో గొట్టం కోసం అంత బరువు, అంత డబ్బు పెట్టడం నాకైతే దండగ, అదే డబ్బుతో ఇంకో రెండు బండ్లు కొని దూరదూరంగా నిలబెడితే శత్రువు ఒక్క దెబ్బకి అన్నీ పోవు. తీరానికి, నదులకి పడవ మీద నీమో. కాలినడకన పోయే పటాలానికి ఇవేవీ వద్దు, పాత 81 వీపు మీదే ఉండనివ్వండి, చేతిలో ఒక మంచి లెక్కల పెట్టె, రెండు ఛార్జర్లు ఇవ్వండి చాలు.

మావాడు అంతా విన్నాడు, రాసుకున్నాడు, బస్సెక్కే ముందు "అయినా మామయ్యా, రాకే బాగుంది" అన్నాడు. 20 బాంబులు నింపడానికి ఎంతసేపు పడుతుందో కనుక్కుని రా, అప్పుడు మాట్లాడుకుందాం అన్నాను.